చెయ్యి నొక్కితే ఒకటి, కాలు మోపితే మరొకటి

వాడరేవులో ఎండుచేపల వాసన దాటగానే మొదలయ్యే రోడ్డు చీరాల, పర్చూరు, చిలకలూరిపేట, నరసరావుపేట మీదుగా పిడుగురాళ్ళ దాకా పోతుంది. కాగితాల మీద దాని పేరు జాతీయ రహదారి 167ఏ. మొదట ఇసుక, తర్వాత నల్లరేగడి, చివర పల్నాటి రాయి. మధ్యలో మిర్చి కల్లాలు, పత్తి చేలు, జిన్నింగు మిల్లులు. ఈ రోడ్డు మీద బస్సులో పోయేవాళ్ళెవరికీ ముందున్న తూము కింద ఏముందోనన్న ఆలోచన ఇప్పుడు రాదు. ఇరవై ఏళ్ళ కిందట పోలీసు జీపులో కూర్చున్నవాళ్ళకు వచ్చేది.

రోడ్డు ఆ చివరన, పిడుగురాళ్ళ మండలంలో గుత్తికొండ బిలం ఉంది. 2004 అక్టోబరులో నల్లమల నుంచి బయటికొచ్చిన మావోయిస్టు నాయకుడు రామకృష్ణ సభ పెట్టి జనంతో మాట్లాడింది అక్కడే. ఆ నెలలోనే హైదరాబాదులో ప్రభుత్వంతో చర్చలు జరిగాయి. 2005 జనవరికల్లా ఆ ముచ్చట తీరిపోయింది. మార్చిలో ఇదే రోడ్డు మీదున్న చిలకలూరిపేటలో పోలీసు స్టేషన్ మీద దాడి. ఏప్రిల్ 27న ఒంగోలు పట్టణంలోనే ప్రకాశం జిల్లా ఎస్పీ మహేశ్‌చంద్ర లడ్డా కారు మీద మందుపాతర పేల్చారు. బులెట్‌ప్రూఫ్ కారు కాబట్టి ఆయన బతికారు. ఆ సమయానికి అటుగా పోతున్న మామూలు జనం చనిపోయారు. ఆగస్టులో పార్టీ మీద మళ్ళీ నిషేధం పడింది.

మందుపాతరల మీద ప్రపంచవ్యాప్తంగా నిషేధం ఉందని పేపరు చదివేవాళ్ళకు లీలగా తెలుసు. 1997 డిసెంబరులో కెనడా రాజధాని ఒట్టావాలో సంతకాలైన ఒప్పందం అది. 1999 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. 160కి పైగా దేశాలు చేరాయి. అమెరికా, రష్యా, చైనా, పాకిస్తాన్ చేరలేదు. మనమూ చేరలేదు. సరే, చేరామే అనుకుందాం. 2003 అక్టోబరు 1న అలిపిరిలో చంద్రబాబునాయుడు కారు మీద పేలిన క్లేమోర్ మైన్‌లను ఆ ఒప్పందం నిషేధిస్తుందా అంటే, నిషేధించదు. ఏ దేశ సైన్యమైనా అలాంటివాటిని అదే పద్ధతిలో పేలిస్తే ఒట్టావా కాగితం అడ్డుచెప్పదు. హత్యాయత్నం హత్యాయత్నమే, శిక్షాస్మృతి దాని సంగతి చూసుకుంటుంది. కానీ ఆయుధాల నిషేధ చట్టం కళ్ళకు ఆ వస్తువు కనబడదు.

ఇది మొదటిసారి వింటే చోద్యంగానే ఉంటుంది. కారణం తెలియాలంటే రెండు వస్తువులను పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది క్లేమోర్. అమెరికా సైన్యం వాడే ఎం18ఏ1 దీనికి మూలం. కొద్దిగా వంపు తిరిగిన పలక, దాన్ని నిలబెట్టడానికి కింద కత్తెర కాళ్ళు. లోపల సుమారు 680 గ్రాముల సీ4 పేలుడు పదార్థం, దాని ముందు దాదాపు 700 ఉక్కు గుళ్ళు. పలక ముందువైపున ఈ ముఖం శత్రువు వైపు ఉండాలని ఉబ్బెత్తు అక్షరాల్లో రాసి ఉంటుంది. కంగారులో తిరగేసి పెట్టుకునే సిపాయిల కోసమన్నమాట. పేలుడు పదార్థం పరుచుకున్న పలక పేలినప్పుడు శక్తి నలుదిక్కులకూ సమానంగా చెదిరిపోదు, పలక ముఖానికి నిటారుగా ఎక్కువ పోతుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో హంగరీకి చెందిన మిస్నే, జర్మనీకి చెందిన షార్డిన్ గమనించిన ఈ లక్షణం వారిద్దరి పేరనే స్థిరపడింది. క్లేమోర్ మొత్తం దీని మీదే ఆధారపడింది. గుళ్ళు 60 డిగ్రీల మేర విసనకర్రలా విచ్చుకుని సెకనుకు 1200 మీటర్ల వేగంతో దూసుకుపోతాయి. 50 మీటర్ల లోపు ఎదురుగా ఉన్న మనిషి బతకడం కష్టం.

దీన్ని మామూలుగా పేల్చేది మనిషి. కొంత దూరంలో కూర్చుని, ఎదుట ఎవరొస్తున్నారో చూసి, మీట నొక్కుతాడు. అలిపిరిలో జరిగింది అదే. బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు సమర్పించడానికి తిరుమల వెళుతున్న ముఖ్యమంత్రి కాన్వాయ్ వచ్చేదాకా ఆగి పేల్చారు. అంతకుముందు 2000 మార్చి 7న ఘట్‌కేసర్ దగ్గర మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డిని చంపిన మందుపాతర కూడా ఆయన కారు కోసం కాచుకుని పేల్చినదే.

రెండో వస్తువు చాలా చిన్నది. ఎం14 అంటారు. ఇదీ పుట్టుకకు అమెరికాదే, 1950లలో వచ్చింది. మన ఆయుధ కర్మాగారాల్లోనూ దీని నమూనా తయారైంది. వ్యాసం 56 మిల్లీమీటర్లు, ఎత్తు 40 మిల్లీమీటర్లు, మొత్తం బరువు 100 గ్రాములు. అరచేతిలో పెట్టుకుంటే బొటనవేలు, చూపుడువేలు దాదాపు కలిసేంత. ప్లాస్టిక్ ఒళ్ళు. లోపల 29 గ్రాముల టెట్రిల్. పైన పీడన పలక మీద ఒక బాణం గుర్తు, చుట్టూ రెండు అక్షరాలు. ఒకటి పేలని స్థితికి, రెండోది సిద్ధంగా ఉన్న స్థితికి. పూడ్చేవాడు పలకను తిప్పి బాణాన్ని రెండో అక్షరం దగ్గరికి తెచ్చి, అడ్డుగా ఉన్న క్లిప్పు లాగేస్తాడు. ఆ తర్వాత దానితో మనిషికి పనిలేదు.

పలక కింద బెల్‌విల్ స్ప్రింగ్ అనే ఉబ్బెత్తు బిళ్ళ ఉంటుంది. పాత డాల్డా డబ్బా మూత మధ్యలో బొటనవేలితో నొక్కితే కాసేపు మొరాయించి టక్కున లోపలికి పోయినట్టే, 9 నుంచి 16 కిలోల బరువు పడగానే ఈ బిళ్ళ ఒక్కసారిగా తిరగబడుతుంది. దాని మధ్యనున్న సూది కిందున్న డిటొనేటర్‌లో గుచ్చుకుంటుంది. 16 కిలోలంటే నాలుగైదేళ్ళ పిల్లవాడి బరువు. వెయ్యాల్సిన అడుగు ఏ సైన్యానిదో, ఏ వయసుదో స్ప్రింగుకు తెలియదు. బ్యాటరీ లేదు, అయిపోవడానికి. ప్లాస్టిక్‌కు తుప్పు లేదు. పూడ్చినవాడు పింఛను తీసుకుని మనవలతో ఆడుకుంటున్న కాలానికి కూడా అది పనిచేస్తూనే ఉండవచ్చు.

29 గ్రాములు మనిషిని చంపడానికి పెట్టిన మోతాదు కాదు. పాదం తెగిపోవడానికి పెట్టింది. చనిపోయిన సిపాయిని వదిలి ముందుకు పోవచ్చు, కాలు పోయి అరుస్తున్నవాణ్ణి మోసుకెళ్ళడానికి ఇంకో ఇద్దరు కావాలన్నది దాని వెనకున్న లెక్క. పేలుడు పాదాన్ని చీల్చడంతో ఆగదు. చెప్పు ముక్కలను, మట్టిని, ఎముక పొడిని కండరాల పొరల మధ్య నుంచి పైకి ఎగదోస్తుంది. అందుకే గాయం చీలమండ దగ్గర ఉన్నా డాక్టర్లు మోకాలి దాకా, కొన్నిసార్లు ఆపైన కూడా తీసేయాల్సి వస్తుంది. 1960ల చివర్లో జైపూరులో శిల్పి రామచంద్రశర్మ, డాక్టర్ పి.కె.సేఠీ కలిసి రూపొందించిన రబ్బరు పాదం తర్వాతి రోజుల్లో ఆఫ్ఘనిస్తాన్‌కూ కంబోడియాకూ పోయింది ఈ గాయాల కోసమే. చెప్పు లేకుండా బురదలో నడవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు. పొలం పనివాళ్ళకు కావాల్సింది అదే.

ఒట్టావా ఒప్పందం గీసిన గీత ఈ రెండు వస్తువుల మధ్య నుంచి పోతుంది. మనిషి దగ్గరికి రావడం వల్లో, తాకడం వల్లో దానంతటదే పేలేలా తయారైనదే ఆ ఒప్పందం దృష్టిలో మనుషుల మీద వాడే మందుపాతర. ఎవరో చూసి నొక్కి పేల్చేది కాదు. అదే క్లేమోర్‌కు తీగ కట్టి, కాలు తగిలితే పేలేలా అమరిస్తే నిషేధం పరిధిలోకి వస్తుంది. వస్తువు ఒకటే, పేల్చే విధానం మారింది. ఈ గీత దయ వల్ల గీసింది కాదు. మాధవరెడ్డి చావు ఏ రకంగానూ తక్కువ క్రూరమైనది కాదు. తేడా అంతా కాలంలో ఉంది. మీట పట్టుకున్నవాడు లేచి వెళ్ళిపోతే క్లేమోర్ యుద్ధం అయిపోయినట్టే. ఎం14కి యుద్ధం ముగిసిందని చెప్పే దారే లేదు.

మరి మన ప్రభుత్వం ఎక్కడుంది? పూర్తి నిషేధానికి ఒప్పుకోలేదు గానీ ఏ కట్టుబాటూ లేదనడం తప్పు. ఒట్టావా కంటే ముందే, మరో ఆయుధ ఒప్పందానికి అనుబంధంగా 1996లో సవరించిన రెండో ప్రొటోకాల్ అనేది ఒకటుంది. భారత్ దాన్ని 1999లో ఆమోదించింది. అది మందుపాతరను వాడొద్దని అనదు, ఇలా వాడమంటుంది. లోహం కనిపెట్టే పరికరానికి దొరికేలా ప్రతి మైన్‌లోనూ కనీసం 8 గ్రాముల ఇనుముకు సమానమైన సంకేతం ఇచ్చే లోహం ఉండాలి. అసలు ఎం14లో లోహం దాదాపు ఏమీ లేదు కాబట్టి మనవాళ్ళు తమ నమూనాకు లోహం చేర్చాల్సి వచ్చింది. ఎప్పటికీ పనిచేసే రకం పూడిస్తే చుట్టూ కంచె వేయాలి, బోర్డు పెట్టాలి, కాపలా ఉండాలి, ఎక్కడెక్కడ పెట్టారో పటం రాసుకోవాలి. విమానాల నుంచో ఫిరంగుల నుంచో వెదజల్లే రకమైతే 30 రోజుల్లో తమంతట తామే పేలిపోవాలి, నూటికి పదికి మించి మిగలకూడదు. 120 రోజులు దాటాక వెయ్యికి ఒకటికి మించి పనిచేయకూడదు. ఇక్కడ బ్యాటరీ చావు ఒక రక్షణ. అది అయిపోతే మైన్ గుడ్డిదవుతుంది. 2024 నవంబరులో అమెరికా యుక్రెయిన్‌కు మందుపాతరలు ఇవ్వడానికి ఒప్పుకున్నప్పుడు సమర్థనగా చెప్పింది ఈ బ్యాటరీ సంగతే.

వీటికి తోడు 1996 నుంచి మనుషుల మీద వాడే మైన్‌ల ఎగుమతిని భారత్ నిలిపేసింది. దేశం లోపలి శాంతిభద్రతల కోసం సైన్యం మందుపాతరలు వాడలేదని, సరిహద్దు రక్షణకే వాడుతున్నామని అంతర్జాతీయ వేదికల మీద చెబుతూ వస్తోంది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో నిషేధాన్ని సమర్థించే తీర్మానం ఏటా వస్తుంది, మన ప్రతినిధి ఏటా ఓటుకు దూరంగా ఉంటారు. పొడుగాటి సరిహద్దు, కొండలు, చొరబాట్లు అన్నవి కారణాలు.

ఆ సరిహద్దులో ఏం జరిగిందో మన పత్తి రైతు చెవిన వేయదగ్గ సంగతి. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి తర్వాత ఆపరేషన్ పరాక్రమ్ పేరుతో సైన్యం పంజాబ్, రాజస్థాన్, జమ్మూకాశ్మీర్ సరిహద్దుల పొడుగునా లక్షల సంఖ్యలో మైన్‌లు పూడ్చింది. అందులో ఎడారితో పాటు సాగుభూమీ ఉంది. ఫాజిల్కా, శ్రీగంగానగర్ వైపు గోధుమ, పత్తి పండే కాల్వకింద నేలలు. పొలం గట్టు మీద ఎర్ర త్రికోణాల బోర్డులు వెలిశాయి. రైతులకు పరిహారం ఇచ్చారు, పది నెలల తర్వాత సైన్యం వెనక్కి వచ్చింది, మైన్‌లు తీసే పని మాత్రం ఆ తర్వాత కూడా సాగింది. పూడ్చేటప్పుడూ తీసేటప్పుడూ జవాన్లు చనిపోయారు, కాళ్ళు పోగొట్టుకున్నారు. యుద్ధం జరగనేలేదు. పటాలున్నాయి, కంచెలున్నాయి, క్రమశిక్షణ ఉన్న సైన్యం ఉంది, అయినా అంత ఖరీదైంది. నిబంధనలు పాటించి వాడితే ప్రమాదం లేదనే వాదన నాకు రుచించకపోవడానికి ఈ పది నెలలు చాలు.

మన గుంటూరు, ప్రకాశం మైదానంలో ప్రభుత్వ ఆంక్ష తగిలింది సైన్యానికి కాదు, క్వారీలకు. చీమకుర్తి, మార్టూరు, బల్లికురవ గ్రానైట్ కోసం జిలెటిన్ కడ్డీలు, డిటొనేటర్లు రోజూ కావాలి. అడవిలోకి చేరిన మందుగుండులో గనుల నుంచి మళ్ళినది కొంత ఉందన్నది పోలీసులు ఎప్పటినుంచో చెబుతున్న మాట. అమ్మోనియం నైట్రేట్ దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. అది ఆక్సిజన్ మోసుకొచ్చే ఉప్పు. పంటకు నత్రజని ఇస్తుంది, నూనెతో కలిస్తే బండను పగలగొడుతుంది. 2012లో కేంద్రం అమ్మోనియం నైట్రేట్ నిబంధనలు తెచ్చింది. 45 శాతానికి మించి అది ఉన్న మిశ్రమాలకు, వేరుచేయడానికి వీలుపడని ఎరువులను మినహాయించి, లైసెన్సు తప్పనిసరి చేసింది. తయారీ, నిల్వ, రవాణా అన్నిటికీ లెక్క చెప్పాలి. ఒట్టావాలో ఎవరూ మాట్లాడని ఈ గెజిట్ కాగితమే మన ప్రాంతంలో మందుపాతర మీద పడిన అసలైన ఆంక్ష అని నాకనిపిస్తుంది.

పోలీసుల వైపు నుంచి జవాబుగా వచ్చినవాటిలో అప్పటి మెదక్ జిల్లా ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో తయారైన ఆదిత్య వాహనం ఒకటి. అడుగు భాగం బల్లపరుపుగా కాకుండా ఇంగ్లీషు వీ అక్షరంలా ఉంటుంది. కింద పేలిన వాయువులు ఏటవాలు రేకు మీద పడి పక్కలకు జారిపోతాయి. మందు మోతాదు పెంచితే అదీ లేచిపడిందని 2005లోనే ఛత్తీస్‌గఢ్‌లో తేలింది. అంతకంటే పనికొచ్చింది జీపులు దిగి నడవడం. పోలీసుల ప్రత్యేక దళం గ్రేహౌండ్స్ కాలినడక కూంబింగుతోనే పేరు తెచ్చుకుంది. వాహనం కోసం కాచుకున్నవాడికి వాహనమే రాకపోతే ఏం చేస్తాడు?

ఏం చేశాడంటే, కాలిబాట మీద ప్రెషర్ బాంబు పెట్టాడు.

ఈ మలుపు మీద మనం పెద్దగా దృష్టి పెట్టలేదు. పాతికేళ్ళపాటు తెలుగునేల మీద మందుపాతరంటే ఎక్కువగా ఒకరు కాచుకుని, చూసి, పేల్చేది. దళాలు తగ్గి, అడవి ఇరుకై, కాపలా కూర్చునే మనుషులు కరువైన కొద్దీ ఆ పని నేలకే అప్పజెప్పారు. 2024 జూన్‌లో ములుగు జిల్లా వాజేడు మండలం కొంగాల అడవిలో కట్టెల కోసం వెళ్ళిన ఒకాయన ప్రెషర్ మైన్ మీద కాలేసి చనిపోయారు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల్లో మందుపాతరలు పెట్టామని, అటు రావొద్దని మావోయిస్టులే ఆదివాసులకు ప్రకటన ఇచ్చారు. కంచె, బోర్డు, కాపలా ఏమీ లేని చోట పత్రికా ప్రకటనే హెచ్చరిక బోర్డన్నమాట. మే 8న వాజేడు వైపు కొండల్లో ముగ్గురు గ్రేహౌండ్స్ జవాన్లు మందుపాతర పేలి చనిపోయారు.

ఏప్రిల్ 21 నుంచి మే 11 దాకా 21 రోజులు ఆ గుట్టల్లో కేంద్ర బలగాలు, ఛత్తీస్‌గఢ్ పోలీసులు జరిపిన ఆపరేషన్‌లో 31 మంది మావోయిస్టులు చనిపోయారనీ 450 మందుపాతరలు దొరికాయనీ ప్రభుత్వం ప్రకటించింది. మందు వాసన పట్టడానికి తీసుకెళ్ళిన సీఆర్‌పీఎఫ్ కుక్క రోలో ఆ ఆపరేషన్‌లోనే చనిపోయింది. బాంబు వల్ల కాదు, తేనెటీగల వల్ల. బెల్జియన్ మాలినోయిస్ జాతి, రెండేళ్ళ వయసు. ఎన్ని యంత్రాలొచ్చినా ప్లాస్టిక్ డబ్బానో కర్రపెట్టెనో పట్టుకునేది చివరికి ముక్కే. కంబోడియాలో ఈ పనికి ఆఫ్రికా పెద్ద ఎలుకల జాతికి శిక్షణ ఇచ్చి వాడుతున్నారు. మగావా అనే ఎలుక అయిదేళ్ళలో మొత్తం 71 మందుపాతరలు పట్టుకుంది, 2020లో బంగారు పతకం కూడా తెచ్చుకుంది. ఎలుక మహా అయితే కిలోంపావు, స్ప్రింగు 9 కిలోలకు గానీ కదలదు.

కొంగాల అడవిలో చనిపోయినాయనకు ఏ చట్టం వర్తిస్తుంది? ఒట్టావా నిర్వచనం ప్రకారం ఆయన తొక్కింది అచ్చంగా నిషిద్ధ వస్తువే. కానీ ఆ ఒప్పందంలో మనం లేం. సవరించిన రెండో ప్రొటోకాల్‌లో ఉన్నాం, అది దేశం లోపలి సాయుధ పోరాటాలకూ వర్తిస్తుంది, అందులో పాల్గొనే ప్రతి పక్షానికీ వర్తిస్తుంది. అయితే మావోయిస్టు సమస్యను మన ప్రభుత్వం సాయుధ పోరాటంగా ఒప్పుకోదు, శాంతిభద్రతల వ్యవహారమంటుంది. ఒప్పుకుంటే తిరుగుబాటుదారులకు ఒక హోదా ఇచ్చినట్టవుతుందని భయం. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. దాని ఫలితంగా 1908 నాటి పేలుడు పదార్థాల చట్టమే ఆయనకు మిగిలింది. ఆ చట్టం పెట్టినవాణ్ణి శిక్షిస్తుంది. పెట్టినదాన్ని తీయమని ఎవరినీ ఆదేశించదు.

సముద్రం అవతల ఇంకోలా జరిగింది. వాడరేవు లాంటి ఇసుక, తాటిచెట్లే ఉన్న జాఫ్నా, మన్నార్ తీరాల్లో శ్రీలంక సైన్యమూ తమిళ పులులూ ఇద్దరూ మైన్‌లు పూడ్చారు. పులులైతే కర్రపెట్టెలతో సొంతంగా తయారుచేసుకున్నారు. 2009లో యుద్ధం ముగిసింది. 2017 డిసెంబరులో శ్రీలంక ఒట్టావా ఒప్పందంలో చేరింది. చేరితే వచ్చే చిక్కేమిటంటే గడువు పెడతారు, లెక్క చెప్పమంటారు. చేరితే వచ్చే లాభమూ అదే. అయితే గాలి ఇప్పుడు ఎదురు తిరిగింది. రష్యా సరిహద్దున్న ఫిన్లాండ్, పోలండ్, ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా 2025లో ఆ ఒప్పందం నుంచి బయటికి రావాలని నిర్ణయించుకున్నాయి. మన విదేశాంగ శాఖ పాతికేళ్ళకు పైగా చెబుతున్న పొడుగాటి సరిహద్దు కారణమే ఇప్పుడు వాళ్ళ నోటా వినబడుతోంది.

2025లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ళ కేశవరావు మే 21న అబూజ్‌మాడ్‌లో, మరో నాయకుడు హిడ్మా నవంబరు 18న మారేడుమిల్లి అడవుల్లో ఎన్‌కౌంటర్లలో చనిపోయారు. శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేటలో పుట్టి వరంగల్ ఆర్‌ఈసీలో ఇంజనీరింగ్ చదివిన కేశవరావు పార్టీ సైనిక విభాగాన్ని ఏళ్ళ తరబడి నడిపినవాడు. అక్టోబరులో పార్టీ నాయకులు మల్లోజుల వేణుగోపాల్, తక్కళ్ళపల్లి వాసుదేవరావు తమ దళాలతో సహా లొంగిపోయారు. లొంగిపోయినవాళ్ళ తుపాకులు లెక్కపెట్టి, వరసగా పేర్చి, ఫొటోలు తీశారు. మందుపాతరలను అలా పేర్చలేం, అవి పెట్టినచోటే ఉన్నాయి. కొన్ని బ్యాటరీ చచ్చి ఊరుకుంటాయి గానీ లోపలి మందు అలాగే ఉంటుంది. కొన్ని వానకు కొట్టుకుపోయి, పెట్టినవాడు కూడా గుర్తుపట్టలేని చోట ఆగుతాయి. ప్రొటోకాల్‌లోని 9వ అధికరణం మైన్‌లు ఎక్కడ పెట్టారో రాసి ఉంచమంటుంది, 10వది పోరు ఆగగానే ఆలస్యం లేకుండా తీసేయమంటుంది. రాసినవాళ్ళెవరూ లేరు కాబట్టి ఉన్న పటమల్లా లొంగిపోయినవాళ్ళ జ్ఞాపకమే. పునరావాసం డబ్బుతో పాటు వాళ్ళను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఏ కాలిబాట, ఏ వాగు, ఏ చెట్టు అని అడిగి రాసుకోవడం, బాంబు స్క్వాడ్‌తో మళ్ళీ ఆ గుట్టలెక్కించడం ములుగు, బీజాపూర్ పోలీసులు చేయగలిగిన పని. దానికి ఏ ఒప్పందంలోనూ చేరనక్కర్లేదు. తునికాకు కోతకు జనం అడవిలోకి వెళ్ళే వేసవి లోపు అది మొదలవ్వాలి.